ఫ్యాక్టరీ బూడిద, మట్టి పొలానికి పనికొస్తాయా? మూడు ప్రశ్నలు అడిగాకే తోలించుకోండి

ధాన్యం మిల్లు వెనక ఊక బూడిద గుట్టలు, చక్కెర ఫ్యాక్టరీ దగ్గర నల్లమట్టి గుట్టలు గోదావరి జిల్లాల్లో అందరూ చూసేవే. "ఊరికే ఇస్తాం, ట్రాక్టరు కిరాయి మీరు పెట్టుకోండి" అన్న మాటా కొత్తది కాదు. కొందరు తోలించుకుని బాగుపడ్డారు. కొందరు కిరాయి డబ్బులు పోగొట్టుకున్నారు. తెలియక చెడ్డ సరుకు వేసుకుంటే మాత్రం పోయేది కిరాయి కాదు, నేల. అందుకే ఈ వారం పాఠం ఫ్యాక్టరీ వ్యర్థాల్లో ఉండే ఖనిజ లవణాల గురించి.

పారేసే సరుకులోంచి పనికొచ్చే లోహాలనూ లవణాలనూ తిరిగి రాబట్టి వాడుకోవడాన్ని ఇప్పుడు వలయాకార ఆర్థిక విధానం అంటున్నారు. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే. పెంట పోగు, చెరువు మట్టి, పొయ్యి బూడిద మళ్ళీ చేలోకి తోలడం మన పెద్దలు చేసిందే. తేడా ఒక్కటే. ఇంటి పెంటలో ఏముందో మనకు తెలుసు, ఫ్యాక్టరీ గుట్టలో ఏముందో చూసి చెప్పలేం. అడిగి, పరీక్ష చేయించి తెలుసుకోవాలి.

పొలం నుంచి పోయేదెంత?

ఒక టన్ను ధాన్యం పండటానికి వరి పైరు, గడ్డితో కలిపి, నేల నుంచి సుమారు 20 కిలోల నత్రజని, 11 కిలోల భాస్వరం, 30 కిలోల పొటాష్ తీసుకుంటుంది. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకోండి. అది 2,250 కిలోలు. అంటే ఒక్క పంట నేల నుంచి 67 కిలోల దాకా పొటాష్ తీసుకుందన్నమాట. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండేది 30 కిలోల పొటాష్. లెక్క వేస్తే రెండు బస్తాలకు పైనే.

ఈ పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. కోత మిషనుతో కోయించి గడ్డిని మడిలోనే కలియదున్నితే అది పొలంలోనే ఉంటుంది. తగలబెడితే నత్రజని, గంధకం గాలిలో కలుస్తాయి, బూడిదలోని పొటాష్ కొంత వానకు కొట్టుకుపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ గుట్ట దాకా పోయే ముందు మొదటి పొదుపు మీ గట్టు మీదే ఉంది. గడ్డి తగలబెట్టకండి.

అడగవలసిన మూడు ప్రశ్నలు

ఏ సరుకైనా, ఎవరు తెచ్చినా, ఈ మూడు ప్రశ్నలూ అడగండి.

ఒకటి: ఇందులో నా పైరుకు పనికొచ్చేది ఏముంది, నూటికి ఎంత?

రెండు: అది నా నేలకు కావాలా? నేలలో ఇప్పటికే దండిగా ఉన్నది మళ్ళీ వేస్తే డబ్బు దండగ. ఒక్కోసారి నష్టం కూడా.

మూడు: దాంతో పాటు ఇంకేం వస్తోంది? ఉప్పు, క్లోరైడు, సీసం, కాడ్మియం వంటివి ఉన్నాయా?

ఇప్పుడు మన ప్రాంతంలో దొరికే సరుకులు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊక బూడిద

ధాన్యం బరువులో అయిదో వంతు ఊక. ఊక కాలిస్తే అందులో మళ్ళీ అయిదో వంతు బూడిద. అంటే మీ 30 బస్తాల ధాన్యం నుంచి సుమారు 450 కిలోల ఊక, దాని నుంచి 90 కిలోల బూడిద వస్తుంది. ఈ బూడిదలో నూటికి 85 నుంచి 95 వంతులు సిలికా. పొటాష్ నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. కాబట్టి "బూడిద వేశాం, ఇక పొటాష్ అక్కర్లేదు" అనుకోకూడదు.

సిలికా వల్ల లాభం ఏమిటి? వరి సిలికాను బాగా తీసుకునే పైరు. కాండానికి, ఆకుకు గట్టిదనం ఇచ్చేది అదే. సిలికా చాలినంత ఉన్న పైరు అగ్గి తెగులును, కాండం తొలిచే పురుగును కొంత తట్టుకుంటుంది. అంత తేలికగా పడిపోదు. సార్వా పంట పొట్ట మీదో ఈనిక మీదో ఉండగా తుపాను వచ్చే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అయితే బూడిద తుపానును ఆపదు. నత్రజని మోతాదు మించి వేసిన చేను బూడిద చల్లినా పడిపోతుంది.

బూడిదలోనూ రకాలున్నాయి. తక్కువ వేడిలో కాలిన నల్లటి, బూడిద రంగు సరుకులో సిలికా నేలలో కొంత త్వరగా కరుగుతుంది. బాగా ఎక్కువ వేడిలో కాలి తెల్లబడిన బూడిదలో సిలికా గట్టిపడి చాలా నిదానంగా కరుగుతుంది. పైరుకు మొదటిదే మేలు. పరిశోధనల్లో నారుమడికి చదరపు మీటరుకు అరకిలో నుంచి కిలో వరకు వేసి చూశారు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు, కాబట్టి సెంటు నారుమడికి 20 నుంచి 40 కిలోలు. ముందుగా ఒక మడిలో తక్కువ మోతాదు వేసి చూసి, బాగుంటేనే మిగతా వాటికి వేసుకోండి.

జాగ్రత్తలు: బూడిద తేలిక కాబట్టి నిలువ నీటి మీద చల్లితే తేలి కాలువలోకి పోతుంది. నీరు తీసి, దున్ని కలపాలి. బూడిదకు క్షారగుణం ఉంటుంది, యూరియాతో కలిపి చల్లితే నత్రజని ఆవిరైపోతుంది. పొడి బూడిద చల్లేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఈ బూడిదకు పొలం బయట కూడా గిరాకీ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన ఉక్కు వేడి తగ్గకుండా దాని మీద ఊక బూడిద కప్పుతారు. సిమెంటులోనూ కలుపుతారు. కాబట్టి మిల్లు దగ్గర ఊరికే దొరికే సరుకు ఎల్లకాలం ఊరికే దొరుకుతుందనుకోవద్దు.

ప్రెస్‌మడ్ (చక్కెర ఫ్యాక్టరీ మట్టి)

1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టిన నాటి నుంచి మన చెరకు రైతులకు ఈ మట్టి పరిచయమే. చెరకు రసం శుద్ధి చేసినప్పుడు మిగిలేది ఇది. వంద టన్నుల చెరకు ఆడితే మూడు నాలుగు టన్నులు వస్తుంది. ఎండిన ప్రెస్‌మడ్‌లో భాస్వరం నూటికి రెండు మూడు పాళ్ళు, నత్రజని ఒకటి ఒకటిన్నర పాళ్ళు ఉంటాయి. సున్నం, సేంద్రియ పదార్థం దండిగా ఉంటాయి.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోండి. తాజా మట్టిలో నూటికి 70 వంతులు నీరే. టన్ను తోలిస్తే ఎండిన సరుకు 300 కిలోలే. నూటికి రెండు పాళ్ళ చొప్పున అందులో భాస్వరం 6 కిలోలు. డి.ఎ.పి. లెక్కన చూస్తే 13 కిలోల డి.ఎ.పి.లో ఉండే భాస్వరం. దూరం నుంచి తోలించుకునేవారు కిరాయిని ఈ లెక్కతో పోల్చుకోవాలి. దగ్గర్లో ఉన్నవారికి, సేంద్రియ పదార్థం తక్కువైన మెరక భూములవారికి లాభం. నలభై యాభై కిలోమీటర్ల నుంచి తెప్పించుకునేవారికి గిట్టుబాటు కాకపోవచ్చు.

పచ్చి మట్టి నేరుగా వేస్తే వేడెక్కుతుంది, మొలకను దెబ్బతీస్తుంది. చేను పక్కన కుప్ప పోసి, తడుపుతూ, తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగనిచ్చి, ఎకరాకు 2 నుంచి 4 టన్నులు ఆఖరి దుక్కిలో వేసుకోవాలి. ఇంకో మాట. రసాన్ని గంధకంతో శుద్ధి చేసే ఫ్యాక్టరీ మట్టి వేరు, సున్నం ఎక్కువ వాడే కార్బనేషన్ పద్ధతి మట్టి వేరు. మొదటిది చౌడు లక్షణాలున్న నేలలకు మంచిది, రెండోది పులుపు నేలలకు. మన డెల్టా నల్లరేగడి నేలల్లో ఇప్పటికే సున్నం ఉంటుంది కాబట్టి రెండో రకం మనకు అక్కర్లేదు. ఏ పద్ధతి మట్టో ఫ్యాక్టరీ కేన్ సిబ్బందిని అడగండి.

మొలాసిస్ పొటాష్

మన దేశానికి కావలసిన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంతా ఓడల మీద రావలసిందే. బయట ధర పెరిగితే మన బస్తా ధరా పెరుగుతుంది. అందుకే చెరకులో ఉన్న పొటాష్‌ను తిరిగి రాబట్టే పని మొదలైంది. చెరకు మొలాసిస్‌తో సారా తయారుచేసే డిస్టిలరీల్లో నల్లటి వ్యర్థ జలం మిగులుతుంది. దాన్ని చిక్కబరిచి బాయిలర్లో కాలిస్తే మిగిలే బూడిదలో పొటాష్ ఉంటుంది. నూటికి 14.5 పాళ్ళు పొటాష్ ఉండే ఈ ఎరువును కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబరులో సబ్సిడీ ఎరువుల జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడు బస్తా ధర చూసి మోసపోకండి, కిలో పొటాష్ ధర చూడండి. 50 కిలోల మ్యూరేట్ బస్తాలో 30 కిలోల పొటాష్. 50 కిలోల మొలాసిస్ పొటాష్ బస్తాలో 7 కిలోల పావు. అంటే ఒక మ్యూరేట్ బస్తాకు ఇవి నాలుగు బస్తాల పైన కావాలి. మొలాసిస్ పొటాష్ బస్తా ధరను నాలుగుతో హెచ్చవేసి మ్యూరేట్ ధరతో పోల్చండి. తక్కువైతే కొనండి, ఎక్కువైతే మానండి.

ఇందులో క్లోరైడు కూడా ఉంటుంది. వరికి, చెరకుకు ఇబ్బంది లేదు. పొగాకుకు మాత్రం వేయకూడదు. క్లోరైడు చేరిన ఆకు సరిగా మండదు, ధర పలకదు. పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేసుకోవాలి. ఇక కాల్చని నల్లటి వ్యర్థ జలాన్ని ఎవరు ట్యాంకర్లో తెచ్చి "మందు నీళ్ళు" అని పోస్తామన్నా పోయించుకోవద్దు. ఉప్పు ఎక్కువ, కాలువలో కలిస్తే చేపలు చస్తాయి.

జిప్సం: చౌడు రెండు రకాలు

ఫాస్ఫేటు రాయిని ఆమ్లంతో కరిగించి ఫాస్ఫారిక్ ఆమ్లం తీసే ఫ్యాక్టరీల్లో, ఉదాహరణకు విశాఖపట్నంలో, ఒక పాలు ఆమ్లానికి సుమారు అయిదు పాళ్ళ జిప్సం మిగులుతుంది. దీనినే ఫాస్ఫో జిప్సం అంటారు. కాల్షియం, గంధకం రెండూ ఉన్న సరుకు ఇది.

జిప్సం అనగానే "మా నేల చౌడు, వేసేద్దాం" అంటారు. ఆగండి. చౌడు రెండు రకాలు. పాల చౌడు నేలలో ఉప్పు పైకి తెల్లగా పేరుకుంటుంది. తీర మండలాల్లోనూ, చేపల, రొయ్యల చెరువుల ఊట తగిలే చేలల్లోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి జిప్సం వేస్తే ఉపయోగం లేదు. మంచినీరు నిలగట్టి, ఉప్పు కరిగించి, మురుగు కాలువలోకి తీసెయ్యడమే మందు. పక్క చెరువు ఊట ఆగకపోతే ఎన్నిసార్లు కడిగినా ఉప్పు మళ్ళీ వస్తుంది. ముందు ఊట కాలువ తీయించుకోవాలి.

కారు చౌడు వేరు. ఇందులో సోడియం మట్టి రేణువులకు అంటుకుని ఉంటుంది. తడిస్తే జిగురు, ఎండితే రాయి, నీరు ఇంకదు. ఉదజని సూచిక 8.5 దాటి ఉంటుంది. ఇక్కడే జిప్సం పని చేస్తుంది. జిప్సంలోని కాల్షియం వచ్చి సోడియాన్ని నెట్టేస్తుంది, నెట్టిన సోడియాన్ని నీటితో బయటికి తీసెయ్యాలి. మురుగు దారి లేని మడిలో జిప్సం వేసినా నెట్టిన సోడియం అక్కడే ఉండిపోతుంది. మోతాదు భూసార పరీక్ష చెప్పినంతే వేయాలి. ఫాస్ఫేటు రాయిలోని ఫ్లోరైడు, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం జిప్సంలోకి వస్తాయి కాబట్టి ఊరికే దొరికిందని ఏటేటా తోలించకూడదు.

తెల్లగా ఉన్నదల్లా జిప్సం కాదు. కాగితం మిల్లుల్లో మిగిలే సున్నపు మడ్డి కూడా తెల్లగానే ఉంటుంది. అది పులుపు నేలకు మంచిదే గాని, కారు చౌడుకు వేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టే. రాకపోయినా అది జిప్సమేనని తేల్చుకోకుండా పరీక్షకు పంపండి.

జింకు: పూత తెట్టు నుంచి వరి మడికి

మన డెల్టా వరి రైతులకు బాగా తెలిసిన లోపం జింకు లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మధ్య ఈనె మొదట్లో పాలిపోతుంది. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. దుబ్బు చేయదు, యూరియా వేసినా పచ్చబడదు. మన దేశంలో వరికి ఈ జబ్బు జింకు లోపం వల్లనేనని 1966లో పంతనగర్‌లో తేల్చారు. అంతవరకు ఇది తెగులనుకునేవారు.

ఆ లోపం తీర్చే జింక్ సల్ఫేట్‌లో చాలా భాగం వ్యర్థం నుంచి వచ్చిందే. ఇనుప గొట్టాలకు, రేకులకు జింకు పూత వేసేటప్పుడు తొట్టి మీద తేలే తెట్టు, బూడిద పోగుచేసి, గంధకామ్లంలో కరిగించి, శుద్ధి చేసి దీన్ని తయారుచేస్తారు. పారేసే లోహం పైరుకు మందుగా మారడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కాని ఇందులో కీలకం "శుద్ధి చేసి" అన్న మాట. జింకు ఖనిజంతో పాటు సీసం, కాడ్మియం కలిసి వస్తాయి. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు జింక్ సల్ఫేట్‌కు హద్దు పెట్టింది. 21 పాళ్ళ జింకు ఉండే రకంలో సీసం 0.003 శాతం, కాడ్మియం 0.0025 శాతం మించరాదు. ఎకరాకు వేసే 20 కిలోల్లో లెక్క కడితే సీసం 0.6 గ్రాము, కాడ్మియం 0.5 గ్రాము. చీటీ లేని సంచిలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

వాడే పద్ధతి: ప్రతి మూడు పంటలకు ఒకసారి, దాళ్వా ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు. 33 పాళ్ళ రకమైతే 13 కిలోలు చాలు. భాస్వరం ఎరువులతో కలిపి వేయవద్దు, రెండూ కలిసి కరగకుండా పోతాయి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి అయిదు రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారి చేయాలి.

కల్తీ పట్టుకోండి: జింక్ సల్ఫేట్ పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అమ్మే మోసం ఉంది. రెండూ చూడ్డానికి ఒకటే. గాజు గ్లాసులో కొద్దిగా జింక్ సల్ఫేట్ కరిగించి, వేరే గ్లాసులో కరిగించిన డి.ఎ.పి. తేట నీరు అందులో పోయండి. తెల్లగా, చిక్కగా గడ్డలు కడితే జింకు ఉన్నట్టు. అలా కట్టకపోతే అనుమానించి మండల వ్యవసాయాధికారికి నమూనా ఇవ్వండి. రసీదు మాత్రం దాచుకోండి. రసీదు లేని ఫిర్యాదుకు బలం ఉండదు.

చేలోకి రానీయకూడనివి

జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజు అనే నది ఉంది. ఎగువన కమియోకా అనే జింకు గని నుంచి కాడ్మియం ఆ నదిలో కలిసేది. ఆ నీటితో వరి పండించారు, ఆ బియ్యం తిన్నారు. ఏళ్ళ తరబడి తిన్నాక, ముఖ్యంగా ఆడవారికి, ఎముకలు గుల్లబారి, కదిలితే విరిగేవి. ఆ జబ్బుకు అక్కడివారు పెట్టిన పేరుకు "నొప్పి, నొప్పి" అని అర్థం. దీనికి కారణం గనిలోంచి వచ్చిన కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. చెడిన పొలాల పైమట్టి మార్చే పని 1979లో మొదలుపెడితే ముగిసింది 2012లో. ముప్పై మూడేళ్ళు పట్టింది.

దూరం ఎందుకు, పటాన్‌చెరు చూడండి. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి దిగువ ఊళ్ళ బావులు, పొలాలు పాడయ్యాయి. 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పురుగుమందైతే కొన్నాళ్ళకు విరిగిపోవచ్చు. సీసం, కాడ్మియం విరిగేవి కావు. ఒకసారి మట్టిలో పడితే మీ మనవల కాలానికీ అక్కడే ఉంటాయి.

కాబట్టి పాత బ్యాటరీల సీసం కరిగించిన బూడిద, లోహపు పూత పనుల మడ్డి, రంగుల ఫ్యాక్టరీ, తోళ్ళ ఫ్యాక్టరీ మడ్డి, పేరు చెప్పని మందుల ఫ్యాక్టరీ వ్యర్థం వీటిని గట్టు మీద కూడా దించనీయవద్దు. పల్లం పూడ్చుకోవడానికైనా సరే వద్దు. థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద ఇటుకలకు, సిమెంటుకు మంచి సరుకు. పొలానికి మాత్రం భూసార పరీక్ష చేసి, అధికారులు చెప్పినంత మేరకే.

కౌలు రైతులకు ఒక మాట. భూమి మీది కాదు గాని పండే గింజ మీ ఇంట్లోనే వండుతారు. సరుకు దించే ముందు భూస్వామికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే దించండి. భూస్వామే దించుతుంటే ఏమిటో అడిగే హక్కు మీకుంది.

తోలించుకునే ముందు చేయవలసినవి

కోతలయ్యాక, ఎరువు వేయక ముందు, ఎకరంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున వి ఆకారంలో గుంట తీసి అంచు మట్టి గీకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ, అరకిలో మిగిల్చి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఉదజని సూచిక, లవణ పరిమాణం, జింకు తప్పక చూడమని చెప్పండి. చౌడు, వరి సమస్యలకు మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సలహా తీసుకోవచ్చు.

సరుకు ఇచ్చేవారిని ఏ ఫ్యాక్టరీ, ఏ పని నుంచి మిగిలింది, పరీక్ష కాగితం ఉందా అని అడగండి. కాగితం చూపలేనివాడికి "వద్దు నాయనా" అని చెప్పి పంపేయండి. కాగితం ఉన్నా మొదటి ఏడు పది సెంట్లలోనే వేసి, పక్క మడితో పోల్చి చూసుకోండి. చిన్న కమతం ఉన్నవాడికి తప్పు దిద్దుకోవడానికి ఇంకో పొలం ఉండదు.

గుర్తుంచుకోండి: నేలకు లేనిదే ఎరువు, ఉన్నదే మళ్ళీ వేస్తే బరువు. బస్తా ధర కాదు, కిలో పోషకం ధర చూడండి. పేరు తెలియని సరుకు ఊరికే వచ్చినా ఖరీదైనదే.